బ్రూనో దినచర్య పుస్తకం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పుతాను, చెయ్యి నిదానం. ఈ ఒక్క పేజీకి వారం పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

సౌదీలో యాన్బు అనే ఊళ్లో మా సార్ ఉదయకిరణ్ ఇంటికి బ్రూనో అనే కుక్కపిల్ల వచ్చిన రోజున సార్, మేడమ్ సునీత, కూతురు సృజన, ముగ్గురూ ఒకే రంగు టీషర్టులు తొడుక్కున్నారు. వాటి మీద "సేవే మా కుటుంబం" అని ఇంగ్లీషులో అచ్చు వేయించారు. ఫోటో తీసింది నేను. ఇంటి పనిమనిషిని కదా.

అది మామూలు కుక్క కాదు. పెద్దయ్యాక కళ్లు లేనివాళ్లకు దారి చూపిస్తుంది. ఏడాది పాటు ఏదో ఒక కుటుంబం దాన్ని ఊరికే పెంచి, పరీక్షకు తిరిగి అప్పగించాలి. సార్ పనిచేసే కంపెనీలో పెద్ద దొర భార్య హెలెన్ ఆ పని చూసేది.

సార్‌కు ఈ సేవ ఎందుకో నాకు తెలుసు. ఆ ఏడాదే బయటిదేశాల కుటుంబాల మీద తలకింత అని ఫీజు పెట్టారు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్న నితాఖత్ లెక్క కూడా బిగించారు. మా కాంపౌండులో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. కంపెనీలో తీసేయాల్సినవాళ్ల జాబితా తయారవుతోంది. దాని మీద సంతకం పెద్ద దొరదే. గుడ్డివాళ్ల మీద సార్ జాలికీ ఆ జాబితాకీ ఒకటే వయసు.

నాకు కావలసింది ఒక్కటే, ఖురూజ్. ఇక తిరిగి రానక్కర్లేదని కొట్టే ముద్ర. రెండేళ్ల ఒప్పందం మీద వచ్చాను. ఐదో ఏడు నడుస్తోంది. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది.

"నన్ను ఎప్పుడు పంపిస్తారమ్మా?"

"కుక్క పరీక్ష అయిపోనీ సాబేరా. ఇప్పుడు నువ్వెళితే దానికి స్నానాలు, తిండి ఎవరు చూస్తారు?"

"సేవ చేసేది మీరు గదమ్మా?"

"అబ్బో! నాలుగు అక్షరాలొచ్చేసరికి నోరు కూడా వచ్చిందే నీకు!"

ఆ అక్షరాలు వాళ్లింట్లోనే వచ్చాయి. సృజన కోసం కొన్న అఆల పుస్తకాన్ని ఆ పిల్ల తెరవలేదు. నేను తెరిచాను. మేడమ్‌కు మాత్రం తెలుగు చదవడం రాదు. పుట్టింది బెజవాడలోనే. ఆ రాకపోవడాన్ని విందుల్లో నలుగురికీ నవ్వుతూ చెప్పుకునేది, మెడలో కొత్త హారం చూపించినట్టు.

కుక్కతో పాటు హెలెన్ ఒక లావుపాటి పుస్తకం ఇచ్చింది. రోజుకో పేజీ. పని ఎన్ని గంటలు, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఏమిటి, పడక ఎక్కడ, షికారు ఉందా, దెబ్బలున్నాయా, జబ్బులున్నాయా. ఏ భాషలోనైనా రాయవచ్చట. కింద ఇంటివాళ్ల సంతకం ఉండాలట.

మొదటి రోజు సార్ రాశాడు. రెండో రోజు మేడమ్‌ను రాయమన్నాడు. మూడో రోజు పుస్తకం వంటింట్లోకి వచ్చింది.

సృజన ఆ గళ్లు నాకు చదివి చెప్పింది. "ఉన్నదున్నట్టు రాయాలంట ఆంటీ. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు."

"ఉన్నదే రాస్తాలే తల్లీ."

ఒక్క రోజు మానకుండా రాశాను. నెలాఖరున మేడమ్ గోళ్లరంగు ఆరబెట్టుకుంటూ ముప్పై పేజీల కింద ముప్పై సంతకాలు గీకేది.

బ్రూనో మీద నాకేమీ ప్రేమ లేదు. కుక్క నాకిన గిన్నెను ఏడుసార్లు కడగాలి మాలో. మేడమ్‌కు ఆ బాధ లేదు. ఆమె దాన్ని ముట్టుకునేది ఫోటోకే. హెలెన్ ముందుగా ఫోన్ చేసి వచ్చేది. ఆమె ఉన్నంతసేపూ సార్ కుక్క పక్కన నేల మీద కూర్చునేవాడు. ఆమె కారు మలుపు తిరగగానే ప్యాంటు దులుపుకునేవాడు.

ఏడాది తిరిగింది. హెలెన్ పుస్తకం పట్టుకెళ్లింది. ఆమె తోటమాలి ఎల్లన్నది జగిత్యాల. ఆ పుస్తకాన్ని ఆమెకు వచ్చీరాని ఇంగ్లీషులో చదివి చెప్పింది అతనే.

మూడో రోజు ఇద్దరూ కలిసి వచ్చారు. మేడమ్ మిఠాయి డబ్బా తెరిచి పెట్టింది. హెలెన్ కూర్చోలేదు. ఎల్లన్నకు పుస్తకం అందించి, చదవమని సైగ చేసింది.

"పని పదారు గంటలు. నిద్ర నాలుగు గంటలు. పండుడు వంటింట్ల బండల మీద. తిండి నిన్నటి అన్నం. నలభై దినాల సంది గడప దాటుడు లేదు. జరమస్తే దవాఖాన లేదు. చెప్పుతోని ఈపు మీద రెండు దెబ్బలు." ఎల్లన్న తల ఎత్తాడు. "ఏడాదంత గిట్లనే ఉన్నది సార్. పానమున్న జీవిని గింత గోస వెడ్తరా?"

"అబద్ధం! అంతా అబద్ధం!" అంది మేడమ్.

హెలెన్ పేజీ అడుగున వేలు పెట్టి చూపించింది. సార్ భార్య వైపు తిరిగాడు.

"చదవకుండానే పెట్టావా సంతకం?"

"నాకు తెలుగు రాదని మీకు తెలీదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏం రాశావే ఇందులో?" అని మేడమ్ నా మీదికి వచ్చింది.

"ఉన్నదే రాసినానమ్మా."

హెలెన్ అప్పటికప్పుడే బ్రూనోను కారెక్కించుకుని వెళ్లిపోయింది. నెల తిరక్కుండా సార్ పేరు జాబితాకెక్కింది. వాళ్లు దేశం వదలాలంటే ముందు పనిమనిషికి ఖురూజ్ కొట్టించి పంపాలి. అక్కడి రూలు అది. మేడమ్ బీరువా తెరిచి పాస్‌పోర్టు నా కాళ్ల దగ్గరికి విసిరింది. వాళ్లకంటే తొమ్మిది రోజుల ముందే నేను విమానమెక్కాను.

బ్రూనో మాత్రం ఏడాది పొడుగునా ఏసీ గదిలో పరుపు మీద పడుకుని, పూటపూటకూ కోడిమాంసం తిని, సృజనతో రోజుకు రెండుసార్లు షికారుకు వెళ్లేది. ఆ పుస్తకంలో నేను రాసినవన్నీ నా రోజులు.

సాబేరా, యాభై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది రాయచోటి.