గొట్టం దగ్గరి నాచు

"అక్కడ కూడా చూస్తావా?" అన్నాడు తండ్రి, మురుగు గొట్టం వైపు చూపిస్తూ.

ఆమె తలెత్తలేదు. సముద్రం వెనక్కి తగ్గడంతో బయటపడ్డ బండ మీద మోకాళ్ళూని, చదరపు ఇనుప చట్రాన్ని సరిచేస్తోంది. చట్రం లోపల ఏ నాచు ఎంత పెరిగిందో చూసి, అక్కడి నీరు ఎలా ఉందో తేల్చడం ఆమె ఉద్యోగం. శుభ్రమైన నీళ్ళలో గోధుమరంగు నాచు జూలులా ఒత్తుగా వేలాడుతుంది. మురుగు కలిస్తే అది చచ్చిపోయి, పల్చటి పచ్చనాచు బండలను కప్పేస్తుంది.

గొట్టం చుట్టూ అంతా పచ్చగానే ఉంది.

ఊరి మురుగును శుద్ధి చేసే ప్లాంటుకు తండ్రే పెద్ద. శుద్ధి చేయకుండానే సముద్రంలోకి వదిలేస్తున్నారని ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేస్తే, ఆఫీసు ఆమెను పంపింది. ఆ పెద్ద తన తండ్రేనని ఆమె ఆఫీసులో చెప్పనే లేదు.

"ఈ ఎండలో మీరెందుకొచ్చారు నాన్నా?"

"ఊరికే." ఆయన ప్యాంటు మడుచుకుని పక్క బండ మీద కూర్చున్నాడు. "నెలాఖరుకి రిటైరవుతున్నాను కదా. వీడ్కోలు సభ పెడతారట. నీ రిపోర్టు ఆలోపే వస్తుందా?"

"వస్తుంది."

"మోటార్లు పాడై ఏడాదైందమ్మా. నోరెత్తితే ఉద్యోగం ఊడుతుందన్నారు పైవాళ్ళు. నేనూ ఎత్తలేదు." గొట్టం వైపు చూస్తూ, "ఇక నీ చేతుల్లో ఉంది," అన్నాడు.

చిన్నప్పుడు పక్కింటి పిల్ల పెన్సిలు ఆమె చెప్పకుండా తెచ్చుకుంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తిరిగి ఇప్పించిన మనిషి. కన్న కూతుర్ని ఇలా అడగాల్సి వచ్చిందే అని ఆయన తరఫున తనే సిగ్గుపడింది.

"మీరింటికెళ్ళండి. నేను చూసుకుంటాను."

ఆయన కనుమరుగయ్యేదాకా ఆగి, చట్రం తీసుకుని మలుపు దాటింది. అక్కడ గోధుమరంగు నాచు దండిగా ఉంది. ఫొటోలన్నీ అక్కడే తీసి, గొట్టం దగ్గరివని రాసేసింది. రిపోర్టు పంపాక ఆఫీసులో పక్కసీటావిడ "అయిపోయిందా?" అని మామూలుగా అడిగితే కూడా ఆమె ముఖం జేవురించింది.

వీడ్కోలు సభకు ముందురోజు పుట్టింటికి వెళ్ళింది. తల్లి వడ్డిస్తూ, "ఎదురింటి పిల్లలిద్దరికీ ఒళ్ళంతా పుళ్ళే. సముద్రంలో మునిగొచ్చిన దగ్గర్నుంచీ ఇదే బాధ," అంది.

ఆమె కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది.

తల్లి వంటింట్లోకి వెళ్ళాక తండ్రి మెల్లగా అడిగాడు. "ఏం రాశావమ్మా?"

"నీరు బాగుందని." ఆయన ముఖంలోకి చూడలేక నీళ్ళ గ్లాసు అందుకుంది. "మీరేం దిగులు పెట్టుకోకండి నాన్నా. రేపు తలెత్తుకుని సభకు వెళ్ళండి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆయన ఇంకా భయపడుతున్నాడనుకుని, "ఆ ఫోన్ చేసినవాడెవడో గానీ, ఇక మాట్లాడడులెండి," అంది.

ఆయన కంచం పక్కకు జరిపాడు.

"ఆ ఫోన్ చేసింది నేనేనమ్మా."