నున్నబడని గోడ

"మళ్లా గుంతలే," అంటూ విద్యావతమ్మ గోడ మీద అరచేయి ఆపింది. "ఏంది అల్లుడు గారూ, మీ అబిడ్స్‌ల ఎలుకలు గోడలు గిట్ల తింటయా?"

విజయేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టి గోడ దగ్గరికి వచ్చాడు. నిన్న సాయంత్రం అద్దంలా ఉన్న గోడ. ఇప్పుడు చూస్తే కిటికీ పక్కన నాలుగైదు గుంతలు, ఒక్కోటి శనగగింజంత.

"పక్కింటోళ్ల డ్రిల్లింగ్ మిషన్ అత్తమ్మా. ఆ అదురుకు రాలుతున్నది."

లోపలి నుంచి భార్య మృదుల విసుక్కుంది. హాల్లో సామానంతా పడగ్గదిలో గుట్ట పడి ఉంది. నాంపల్లిలో ఆఫీసుకు వెళ్లాలంటే ముందు సోఫా ఎక్కి దిగితే గానీ ఆమెకు చీర దొరకడం లేదు.

పాత వాల్‌పేపర్ చెమ్మకు ఉబ్బి ఊడిపోతుంటే, కొత్తది అతికించే ముందు గోడను దారికి తేవడానికి తాండూరు నుంచి తల్లిని పిలిపించింది మృదులే. విద్యావతమ్మ తండ్రి పేరున్న మేస్త్రీ. ఆమె వస్తూనే షరతు పెట్టింది. గోడ పని ఉన్నన్నాళ్లే ఉంటుంది, అది కాగానే నాంపల్లి స్టేషన్‌లో బండెక్కేస్తుంది. పనేమీ లేకుండా కూతురింట్లో కూర్చుని తినడం వాళ్ల వంశంలో లేదు.

పాత కాగితాన్ని గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి గీకించింది. మిగిలిన జిగురంతా కడిగించింది. గుంతల్లో లప్పం పెట్టించి, ఆరాక సాండ్ పేపర్‌తో రుద్దించింది. అంతా అల్లుడి చేతనే. తాను మాత్రం స్టూలు మీద కూర్చుని కోతలు కోసేది. వాళ్ల నాయన పూసిన గోడల మీద బల్లులు కాళ్లు జారి పడేవట. పడీ పడీ నడుములు విరిగి, చివరికి సిగ్గుపడి పక్క ఊరికి వలస పోయాయట. ఇప్పటికీ ఆ ఊళ్లో బల్లి శాస్త్రం చెప్పే పంతులుకు పని లేదట. విజయేందర్ రుద్దడం ఆపి మరీ వినేవాడు.

విజయేందర్‌కు సుల్తాన్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. వీధంతా మూసేశాక గానీ షట్టరు దించని మనిషి, ఇప్పుడు దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరుతున్నాడు. గోడ ఆరిందో లేదో చూడాలట. కంచం ముందు కూర్చున్నా కుదురు లేదు. అత్తగారు చేసిన పచ్చిపులుసు కలుపుకుంటూనే మెడ గోడ వైపు తిప్పేవాడు.

చూసి చూసి మృదులకు ఒళ్లు మండింది. ఒకనాడు బాల్కనీలోకి లాగి కడిగేసింది.

"మా అమ్మను ఎప్పుడు సాగనంపుదామా అన్నట్టున్నది నీ తీరు. ఆమె చూడంగనన్న జర ఆ గోడ చుట్టు తిరుగుడు బంద్ చెయ్."

విజయేందర్ చొక్కాకు అంటిన తెల్లపొడి దులుపుకుంటూ నిలబడ్డాడు.

ఎలుకల సంగతి తేలుస్తానని శనివారం విద్యావతమ్మ గోడ వారనే చాప వేసుకుని పడుకుంది. ఆదివారం పొద్దున లేచి, కళ్లు మూసుకుని గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. ఎక్కడా చేయి ఆగలేదు.

"అయింది బిడ్డా," అంది. "ఇగ కాగితం మీరిద్దరు అతికించుకోండ్రి. మధ్యాహ్నం బండికి నేను పోత."

ఇంకో రెండు రోజులు ఉండమని మృదుల బతిమాలింది. ఆమె వినలేదు. ఉత్తగా కూర్చుంటే తాండూరులో నలుగురూ నవ్వుతారని చెప్పి, చీరలు మడతపెట్టడానికి లోపలికి పోయింది.

"ఇప్పుడు నిమ్మళమా నీకు?" మొగుణ్ని కొరకొరా చూసి, మృదుల తల్లి వెనకాలే వెళ్లింది.

హాల్లో విజయేందర్ ఒక్కడే మిగిలాడు. గోడ ముందు అటూ ఇటూ తిరిగాడు. లోపల బ్యాగు జిప్పు లాగిన చప్పుడైంది.

అతను జేబులోంచి మేకు తీసి గోడలో గుచ్చాడు.