ఉంగరపు వేలు

నళిని దోసె తిరగేస్తుంటే తల్లి కేక పెట్టింది. "వేలు తియ్యవే, కాలిపోతోంది! రేపు మొదటిసారి మనిషిని కొయ్యబోయే చెయ్యే అది!"

నళిని చూసుకుంది. ఉంగరపు వేలు పెనానికి ఆనుకుని బొబ్బెక్కింది. ఆమెకు ఏమీ తెలియలేదు.

ముందు బ్యాచ్‌లవాళ్లలాగే, రెండేళ్లుగా ఆమె కూడా ఆపరేషన్లు నేర్చుకున్నది స్పర్శ పుట్టించే చేతి తొడుగులతోనే. ఎదురుగా దేహం ఉండదు. కాలేయం మెత్తదనం, నాడి కొట్టుకోవడం, అన్నీ ఆ తొడుగులే వేళ్లకు తెలియజేస్తాయి. ఆ స్పర్శంతా కాలేజీ పెద్ద సర్జన్ సోమయాజులుగారి చేతుల నుంచి రికార్డు చేసింది. పోయే ముందు ఆయన ఒకసారి క్లాసులో ఉంగరపు వేలు ఎత్తి చూపించి నవ్వారు. "దీన్ని షుగరు తినేసిందమ్మా. నిప్పుల్లో పెట్టినా పలకదు."

మర్నాడు థియేటర్ బయట, తోటి విద్యార్థి ఏలియా చేతులు కడుక్కోవడానికి ఉంగరపు వేలికున్న ప్లాస్టరు ఊడదీస్తున్నాడు.

"పెనమా?" అంది నళిని.

"ఇస్త్రీ పెట్టె. నీక్కూడానా?"

"పద, సర్జన్ మేడమ్‌కి చెప్పేద్దాం. ఈ చేతులతో కొయ్యకూడదు."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. బల్ల మీద రోగి నిద్రలో ఉన్నాడు. మేడమ్ గ్లవ్స్ కోసం నర్సు ముందు చెయ్యి చాచింది. ఆమె ఉంగరపు వేలి మీద కాలిన మచ్చ ఉంది. అది పాతది.