ఇద్దరూ దిద్దిన గుర్తు

విరుదునగర్ మిరప మండీలో తిరుపతిసామి ఫోను విసురుగా పెట్టేశాడు.

"మన 'తిరుపతిసామి & సన్స్' పేరు నడుమ 'ఏఎంపీ' అని పడిందంట! పేరే తప్పుంటే సరక్కు వద్దంటాండారు బొంబాయోళ్లు. ఎవురు చేసిండేది?"

కూతురు బృంద కంప్యూటరు వైపు తిరిగింది. బొంబాయి కొనుగోలుదార్ల మిషను చదివే ధరల ఎక్స్ఎంఎల్ ఫైలు తయారుచేసేది ఆమె, పంపేది పక్క బల్ల దగ్గరున్న తమ్ముడు హరికృష్ణన్. పేరులో కొడుకులేనా, కూతురు లేదా అని నెల కిందట ఆమె అడిగిన రోజు నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

"నేనే నాయనా. ఆ & గుర్తు ఒట్టిగా ఉంటే అవతలి మిషను చదవలేక నిలిచిపోతుంది. వెనకాల ఏఎంపీ చేర్చి రాస్తే, తానే మళ్లీ గుర్తుగా మార్చుకుంటుంది. నిన్న ఫైలు నిలిచిపోయి తమ్ముడు తిట్లు తినె. అందుకే ఈ పొద్దు దిద్దితిని."

"మరి మారలేదే?"

పంపిన ఫైలు తెరిచింది. ఏఎంపీ రెండుసార్లు ఉంది. మిషను ఒకటి విప్పింది, రెండోది అలాగే మిగిలింది.

"రెండోది నాది," హరికృష్ణన్ గోనెసంచుల వైపు చూస్తూ గొణిగాడు. "నువ్వు మరిసిపోయింటావని, ఈ పొద్దు తిట్లు నీకు పడతాయని, చూడకుండా నేనూ దిద్దితిని అక్కా."

బృంద కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"నాది తీసేస్తా. నీది ఉండనీ."

నెల తరువాత తమ్ముడితో ఆమె అన్న మొదటి మాట అది.