గారడీ అయ్యవారు

1958 ఎండాకాలం. పెనుకొండ సంతలో గారడీ ఉలిగప్ప ఒక చింతగింజను పిడికిట్లో మూసి, తెరిచి, ఖాళీ చెయ్యి చూపించాడు. జనం నోళ్లు తెరిచారు.

ఎద్దులబండిలో కూర్చున్న తొమ్మిదేళ్ల గంగ మాత్రం నోరు తెరవలేదు. తన దగ్గరున్న చింతగింజను పిడికిట్లో మూసింది. తెరిచింది. ఖాళీ.

ఉలిగప్ప ఆట ఆపి బండి దగ్గరికొచ్చాడు. పాప చేతులు తిప్పి తిప్పి చూశాడు. గింజ ఎక్కడికి పోయిందో ఆయనకే అంతుబట్టలేదు.

గంగ నవ్వింది.

ఆ నవ్వు చూసి తండ్రి చెన్నకేశవులుకు ప్రాణం లేచొచ్చింది. తల్లి లేని పిల్ల. జ్వరమొచ్చి కాళ్లు చచ్చుపడినప్పటినుంచి నవ్విందిలేదు. ముద్ద పెడితే మొహం తిప్పుకునేది. ఆయనకు చెరువు కింద ఎంత మడి ఉంటే మాత్రం ఏం లాభం, బిడ్డ తిననన్న పూట ఆయనకూ పస్తే.

ఆ సాయంత్రమే ఉలిగప్పను బండెక్కించుకుని ఊరికి తెచ్చాడు. తిండి, గది, గుడ్డలు తనవేనని, పాపకు విద్య నేర్పితే చాలని చెప్పాడు. ఉలిగప్పది మడకశిర అవతల రొళ్ల. ఇంట్లో ముసలి తల్లి ఒక్కతే. వేరుశనగ పీకేదాకా ఉంటానని ఒప్పుకున్నాడు.

తాను ఏళ్ల తరబడి నేర్చినదాన్ని ఆ పిల్ల పూటలో పట్టేసేది. ఆమె చేతిలో తెగిన దారం అతుక్కునేది. నిండు లోటాలో నీళ్లు మాయమయ్యేవి. చూడవచ్చిన అమ్మలక్కల చెవుల్లోంచి వక్కలు రాలేవి. తిండి పెరిగింది, మాట పెరిగింది. అయ్యవారూ అయ్యవారూ అంటూ ఆయన్ను ఊపిరి తీసుకోనిచ్చేది కాదు.

వేరుశనగ పీకారు. ఇక పోయొస్తానన్నాడు ఉలిగప్ప. ఆ పూట గంగ కంచం ముట్టలేదు.

చెన్నకేశవులు మంచివాడే. మంచివాళ్లకు భయం పట్టుకుంటే ఏం చేస్తారో అదే చేశాడు. ఉలిగప్ప గారడీ సంచి తీసుకెళ్లి భోషాణంలో పెట్టేశాడు. గారడీవాడి శక్తంతా సంచిలోనే ఉంటుందని ఆ ఊళ్లో అందరికీ గట్టి నమ్మకం. సంచి లేనివాడు మామూలు మనిషి. మామూలు మనిషికి మామూలు తాళం చాలు. వసారా గదిలో ఉలిగప్పను పెట్టి, బయట తాళం నొక్కి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పాఠానికీ తిండికీ తప్ప తలుపు తీసేవాడు కాదు. పాఠం వేళకు సంచి చేతికిచ్చి, కాగానే లాక్కునేవాడు.

"ఇది బాగలేదు సామీ" అన్నాడు ఉలిగప్ప.

"నీకేం తక్కువైందప్పా? బిడ్డ తింటాండాది. ఇంక కొన్నాళ్లు ఉండు."

ఆ కొన్నాళ్లు ఏడాది దాటాయి. ఉలిగప్ప తలుపు పక్క కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. ఎదురుగా మంచం మీదనుంచి గంగ ఆయన్నే చూసేది. ఆ ఇంట్లో కదల్లేనివాళ్లు ఇద్దరయ్యారు.

అప్పుడు గొర్రెలు తోలుకుని ఆ దారిన వచ్చిన సంజీవప్ప రొళ్ల కబురు తెచ్చాడు. ఉలిగప్ప తల్లి మంచాన పడిందట, కొడుకును కలవరిస్తోందట. సరిగ్గా అప్పుడే గంగకు మళ్లీ జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. గంజి ఉలిగప్ప తాపితేనే గుటక వేస్తోంది.

గంజి తాపడానికి తలుపు తీసినప్పుడు ఉలిగప్ప వచ్చి చెన్నకేశవులు కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మా యమ్మ మొగం చూసొస్తా సామీ. గొంతులో నీళ్లు పోసేదానికి నేను తప్ప ఎవురూ లేరు."

"నా బిడ్డకు మాత్రం ఎవురుండారప్పా? జరం తగ్గనీ, నేనే బండి కట్టించి పంపిస్తా."

ఆ పూట తాళాన్ని మరీ మరీ లాగి చూసుకున్నాడు చెన్నకేశవులు.

జ్వరం తగ్గింది. బండి కట్టేలోపే రెండో కబురొచ్చింది. తల్లి పోయింది. కొరివి పక్కింటివాళ్లు పెట్టారు.

చెన్నకేశవులు తలుపు తీశాడు. సంచి తెచ్చి ఇచ్చాడు. ఇక ఆపనని చెప్పాడు. ఉలిగప్ప గంగ తల నిమిరి, సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

చెన్నకేశవులు కూతురి మంచం పక్కన కూలబడ్డాడు. తాళం ఇంకా చేతిలోనే ఉంది.

"కన్నతల్లి నోట్లో నీళ్లు పోయనీకుండా ఆపితినే. ఈ తాళమే ఆయప్పను పోనీలేదు. ఆ పాపం నాదే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గంగ ఆ తాళాన్ని తీసుకుని నొక్కింది. జడలోంచి పిన్ను తీసి లోపల పెట్టి తిప్పింది. తాళం ఊడి ఒళ్లో పడింది.

చెన్నకేశవులు ఏడుపు ఆగిపోయింది. "ఇది ఎవురు నేర్పినారు నీకు?"

"అయ్యవారే. ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఎప్పుడంటే అప్పుడు తీస్తాడు నాయనా. సంచి ఉత్తదే, జనం చూసేదానికి. నీకు చెప్పొద్దన్యాడు, నువ్వు సిగ్గుపడతావని."

చెన్నకేశవులు వాకిలి వైపు చూశాడు. దారిలో ఎవరూ లేరు.

"నాకు జరం వచ్చిన రాత్రులన్నీ తలుపు తీసుకుని వచ్చి నా పక్కనే కూసునేవాడు నాయనా; మీ యమ్మ దగ్గరికి పో అయ్యవారూ అని నేను ఏడిస్తే, నా నుదురు పట్టి చూసి, ఇంకా కాలతాండాది పాపా అని, తెల్లారకముందే మళ్లా గదిలోకి పోయి తానే తాళం వేసుకునేవాడు."