ఊపిరికింత కూలి

మిరపచేల గట్ల మీద ఊపిరి మిషన్లు వచ్చాక, ఎవరు ఎంత గట్టిగా ఊదితే వాళ్లకు అంత కూలి. ఆ ఉదయం నాంచారమ్మ ఊదబోయి దగ్గుతో వంగిపోయింది.

"నీకు సగమే పిన్నీ," అన్నాడు మేస్త్రి వీరాస్వామి.

కూతురు సంపూర్ణకు ఒళ్లు మండింది. "మా అమ్మ ఊపిరి తిన్నది చేల పక్కనున్న ఆ ఫ్యాక్టరీ పొగ కాదా అన్నా? మిగతా సగం వాళ్లనడుగు!"

"పొగను కొలిచే మిషను నాకియ్యలేదమ్మా."

"అయితే మమ్మల్నీ కొలవమాక!"

కూలీల ముఠాలో ఒకరికి కూలి తగ్గిస్తే ఎవరూ చేలో దిగరు, అది వాళ్ల కట్టుబాటు. పద్నాలుగు మందీ గట్టు మీదే కూర్చున్నారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. కోయని కాయ తడిస్తే పాడైపోతుందని వీరాస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"అందరికీ రెట్టింపిస్తా, దిగండమ్మా! పిన్నికి పూర్తి కూలిస్తే రేపు మిషను లెక్క ఎవరొప్పుకుంటారు? ఆమె ఒక్కతే ఇంటికి పోతే చాలు."

సంపూర్ణ తల్లి వీపు రాస్తూ ఉండిపోయింది. పండు మిరపకాయల మీద వాన మొదలైంది. ఎవరూ లేవలేదు.