కండువాల దొంగ

"బంగారం ముట్టలే, కండువాలే ఎత్తుకపోయిండు! గిదేం దొంగతనమే?" బీరువా తలుపు మళ్లీ తెరిచి అరిచాడు కురుమూర్తి. పొద్దున్నుంచీ ఇదే గొడవ.

"ఏ పార్టీది గావాలె?" చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది భార్య రేఖ.

"ఇప్పుడు గెలిచినదే!"

"అది ఏదో నాకేం తెల్సు? పేపరింక రాలే."

కురుమూర్తి గద్వాలలో రోడ్ల కాంట్రాక్టరు. ఆయన బీరువాలో అన్ని పార్టీల కండువాలూ ఉంటాయి. ఏది గెలిస్తే అది పైకొస్తుంది. ఇవాళ నాయకుడు నిరంజన్ ఇంటికొస్తున్నాడు, ఇటిక్యాల రోడ్డు పని ఎవరికో తేల్చడానికి. బోసి మెడతో ఎదురుపోతే పని దక్కినట్టే!

అనుమానమంతా పోటీ కాంట్రాక్టరు చిన్నయ్య మీదే. ఫోన్ చేసి కడిగేశాడు.

"సిగ్గుండాలె నీకు! నా కండువాలు గూడ పోయినయి. నువ్వే తీపిచ్చినవ్," అని ఎదురు తిట్టి పెట్టేశాడు చిన్నయ్య.

ఇంతలో కారు ఆగింది. దిగిన నిరంజన్ మెడ కూడా బోసిగానే ఉంది.

"ఎవరికి జెప్పకు కురుమూర్తీ. మా ఇంట్ల గూడ దొంగలు పడ్డరు," అన్నాడు చెవిలో.

వసారాలో కురుమూర్తి తల్లి జమ్ములమ్మ పాతచీర పరిచి బొంత కుడుతోంది. "సలికి వచ్చినవ్, జర కూసో నాయినా," అని ఆ బొంతనే మంచం మీద వేసింది.

"ఎంత మెత్తగుందో!" అంటూ కూర్చున్న నిరంజన్ చేయి, ఇంకా కుట్టని అంచు లోపలికి జారింది. చీర కింద వరసలు వరసలుగా రంగురంగుల కండువాలు! ఒకటి బయటికి లాగాడు. దాని మీద ఆయన ఫొటోనే నవ్వుతోంది.

"ఇది నాదే! కిందటి పార్టీల ఉన్నప్పటిది!"

కురుమూర్తి తల్లి వైపు తిరిగాడు. "అమ్మా! సారు ఇంట్ల గూడ దొంగతనం జేసినవా?"

రేఖ తల ఎత్తలేదు. చిక్కుడుకాయలు మాత్రం గబగబా ఒలుస్తోంది.

జమ్ములమ్మ పంటితో దారం తెంపి, అందరికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది: "నేనేడ పోత బిడ్డా దొంగతనానికి? ఎవరింటియి వాళ్ల పెండ్లాలే తెచ్చిచ్చిన్రు. రేపటి సంది నేను, కోడలు బొంతల దుకాణం పెడ్తున్నం; మీరు పార్టీలు మారినన్ని దినాలు మాకు బట్టకు కరువు లేదు."